పంట నమూనాల సాఫ్ట్‌వేర్‌లో మార్పుల పట్టిక
డీశాట్ వంటి పంట అనుకరణ నమూనాల సోర్స్ కోడ్‌ను గిట్ వ్యవస్థలో నిర్వహిస్తున్నారు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన ఈ వ్యవస్థలో ప్రతి మార్పుతో పాటు తేదీ, చేసినవారి పేరు, ఒక కమిట్ సందేశం నమోదవుతాయి. సందేశం మొదట కొత్త అంశానికి ‘ఫీట్’, దోష సవరణకు ‘ఫిక్స్’ అనే గుర్తులు ఉంచినచో, రెండు విడుదలల మధ్య సందేశాలను వర్గీకరించి మార్పుల పట్టికను కంప్యూటరే తయారుచేయగలదు.

అయితే సందేశంలో లేని కారణాన్ని అది చేర్చజాలదు. బాష్పోత్సేక సమీకరణాన్ని మార్చి ‘చిన్న సవరణ’ అని వ్రాసినచో పట్టికలోనూ అంతే కనిపిస్తుంది. అదే క్షేత్ర దత్తాంశానికి కొత్త విడుదలలో దిగుబడి అంచనా మారినప్పుడు, అందుకు మూలమేదో పరిశోధకునికి తెలియదు. కావున ఏమి మారినది, ఎందుకు మారినది, ఏ ఫలితాలపై ప్రభావం ఉంటుంది అనే మూడు విషయాలు సందేశంలోనే ఉండవలెను. పరిశోధన పత్రంలో విడుదల సంఖ్యను తప్పక పేర్కొనవలెను.