సాధన చూద్దాం రండి

ఆదివారం వచ్చిందంటే రూర్కెలాలోని మన తెలుగు కుటుంబాలకు తెలిసిన దారులు రెండు మూడే. పులిహోర కట్టుకొని కోయెల్, శంఖ నదులు కలిసే వేదవ్యాసకు పోవడం ఒకటి, సినిమా ఒకటి, చుట్టాల ఇల్లు ఒకటి. వీటికి తోడు ఇంకొక దారి కూడా ఉన్నది. అది హాకీ మైదానం దారి. పోటీ చూడడానికి కాదు, సాధన చూడడానికి. టిక్కెట్టు లేదు, తొక్కిసలాట లేదు, గెలుపోటముల గుండెదడ అసలే లేదు.

సుందర్‌గఢ్ జిల్లాలో కాపురముండి హాకీ చూడకపోవడం, గోదావరి గట్టున ఉండి కాలు తడుపుకోకపోవడం వంటిది. ఇక్కడి ఆదివాసి పల్లెలలో పిల్లలు వెదురు కర్రలతో, కొమ్మ నుండి నరుకుకొన్న వంకీ కర్రలతో ఆట మొదలుపెడతారు. ఊరికీ ఊరికీ పందెం పడితే గెలిచినవారికి మేకపోతు బహుమానం. దానినే ఖస్సీ పందెమంటారు. ఈ జిల్లాలో పుట్టిన దిలీప్ తిర్కీ 1996, 2000, 2004 ఒలింపిక్ క్రీడలు మూడింటిలోను ఆడి, భారత జట్టుకు నాయకుడైనాడు. ఈ జిల్లా ఆడపడుచు దీప్ గ్రేస్ ఎక్కా, 2021లో టోక్యోలో నాలుగవ స్థానం పొందిన మన మహిళా జట్టులో ఉన్నది. 2023 ప్రపంచ కప్పు పోటీలకని ఈ ఊళ్ళోనే బిర్సా ముండా పేర ఇరవైవేలమంది కూర్చునే క్రీడాంగణం వెలిసింది. 1959లో ఉక్కు కర్మాగారంలో మొదటి కొలిమి రాజుకొన్న కాలంలో ఇక్కడికి వచ్చి నిలిచిపోయిన మన పెద్దలకు కొలిమి సంగతి తెలిసినంతగా ఈ ఆట సంగతి తెలియదు.

మేము చూచినది ఒక బాలికల జట్టు సాధన. ముందునాడే కోచ్‌గారిని అడిగి, ఆరు గంటలకే మైదానం చేరాము. మాతోపాటు మామ్మ, తొమ్మిదవ తరగతి చదివే పెద్దమ్మాయి, రెండవ తరగతి చిన్నవాడు ఉన్నారు.

వెళ్ళేసరికి నీలిరంగు టర్ఫ్ మీద నీళ్ళు చిమ్ముతున్నారు. “వాన లేకుండానే తడిపేస్తున్నారేం?” అని మామ్మ అడిగింది. ఈ రకం టర్ఫ్ తడిగా ఉంటేనే బంతి చిక్కుపడకుండా జారుతుంది; పడినవాళ్ళ మోకాళ్ళు కూడా అంతగా గీరుకొనవు. 1976లో మాంట్రియల్‌లో మొదటిసారి ఒలింపిక్ హాకీ కృత్రిమ మైదానం మీద జరిగింది. గడ్డి నేల మీద ఏడు స్వర్ణాలు గెలిచిన మన జట్టు ఆ ఏడు ఏడవ స్థానానికి దిగిపోయింది. మట్టిలో ఆడిన పిల్లలకు ఇటువంటి నేల అందుబాటులో ఉండడం ఎంత ముఖ్యమో దీనినిబట్టే తెలుస్తుంది.

మా చిన్నవాడు గోల్స్ పడతాయని ఎదురుచూచాడు. మొదటి గంటలో ఒక్కటీ పడలేదు. ఇద్దరిద్దరుగా నిలబడి ఒకరు బంతిని తోయడం, ఒకరు ఆపడం, అంతే. హాకీ కర్రకు ఒకవైపే చదునుగా ఉంటుంది; బంతిని ఆ వైపుతోనే ఆడాలి. కనుక ఎడమవైపు వచ్చిన బంతికి మణికట్టు తిప్పి కర్రను బోర్లించవలసిందే. ఆ మణికట్టు తిప్పడం ఒక్కటే ఒక పిల్ల నలభైసార్లు చేసింది. లెక్కపెట్టినది మామ్మ.

తరువాత పెనాల్టీ కార్నర్ సాధన. వెనుక గీత మీద నుండి ఒకరు బంతిని లోపలికి తోస్తారు. అది అర్ధచంద్రాకారపు గీత దాటి బయటికి వచ్చిన తరువాతే గోల్‌కు ప్రయత్నించాలి. అడ్డుకొనేవారు గోల్‌కీపరుతో కలిపి అయిదుగురే. మొదటి దెబ్బ కర్రతో బలంగా కొట్టినదైతే గోల్ గీత దగ్గర 46 సెంటీమీటర్లకు మించి ఎత్తు లేవకూడదు. కర్ర మీద ఈడ్చి విసిరితే ఆ నియమం లేదు. అందుకే డ్రాగ్ ఫ్లిక్‌కు అంత విలువ. నూట అరవై గ్రాముల గట్టి బంతికి ముఖాన తొడుగు పెట్టుకొని ఎదురు పరుగెత్తడం చూస్తే మన గుండె ఝల్లుమంటుంది.

విరామంలో మామ్మ తన బరంపురం ఒడియాలో గోల్‌కీపరు పిల్లను పలకరించింది. వేకువనే లేవడం, సాధన, బడి, సాయంత్రం మళ్ళీ సాధన. ఇంటి మొహం చూచేది సెలవులకే. పులిహోర పెట్టబోతే, “ఇప్పుడు వద్దు ఆయీ, పరుగెత్తలేను” అని నవ్వి, అరటిపండు మాత్రం తీసుకొన్నది.

మనలో ఆటగాళ్ళు లేరా? ఉన్నారు. హైదరాబాదు ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో ఆడినాడు. చిత్తూరు పల్లె నుండి వచ్చిన రజని ఎతిమరపు భారత మహిళా జట్టుకు గోల్‌కీపరైనది. అయినా మన ఇళ్ళలో పిల్ల తొమ్మిదిలోకి రాగానే ఆట మూలబడుతుంది, ట్యూషను మొదలవుతుంది. మా పెద్దమ్మాయి ఏడాదిగా హాకీ కర్ర అడుగుతున్నది. పదవ తరగతి కానిమ్మని వాయిదా వేస్తూ వచ్చాము. ఆడపిల్లకు ఎండలో ఇదేం పనని అందరికంటె ముందు అన్నది మామ్మే.

ఆ మామ్మే తిరుగుదారిలో, “ఒక్క దెబ్బ నలభైసార్లు కొట్టిందర్రా ఆ పిల్ల! మనదాన్ని ఒక లెక్క రెండోసారి చెయ్యమంటే మూతి ముడుచుకుంటుంది. ఆ ఓపిక నేర్చుకుంటే చదువూ బాగుపడుతుంది. ఆర్నెల్లు పంపి చూడండి,” అన్నది. పరీక్షల భయం మాకింకా పోలేదు. అయినా వారానికి మూడు సాయంత్రాలు పంపుదామనుకొన్నాము.

మీరూ వెళ్ళదలిస్తే కోచ్ అనుమతి అడగండి. గోల్ వెనుక కూర్చోకండి, బంతి వలను దాటి రావచ్చు. పక్కగీత వైపు నీడన కూర్చోండి. పిల్లలకు మంచినీళ్ళు, ఆటగత్తెలకు అరటిపండ్లు పట్టుకువెళ్ళండి. పోటీలో చప్పట్లు కొట్టేవారు వేలమంది. సాధననాడు చూడవచ్చే నలుగురిని ఆ పిల్లలు జ్ఞాపకం పెట్టుకుంటారు.