ఈ ఫొటో మొదట ఎక్కడిది?

బహ్రెయిన్‌లోని అమ్వాజ్‌లో ఫ్లాట్, బాల్కనీలోంచి నీళ్లు కనిపిస్తాయి, అద్దె బాగా తక్కువ, అడ్వాన్సు పంపితే తాళాలిస్తాం. ఇలాంటి ప్రకటనతో పాటు నాలుగు ఫొటోలు మీ వాట్సాప్‌కి వచ్చాయనుకోండి. అవి నిజంగా ఆ ఇంటివేనా? తెలుసుకోవచ్చు. దానికి పెద్ద చదువేం అక్కర్లేదు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఎందుకు వెతకాలి?

2012 జూన్‌లో కువైట్ సైంటిఫిక్ సెంటర్‌లో సొరచేపల ట్యాంకు పగిలిందంటూ ఒక ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఎస్కలేటర్ల కింద నీళ్లు, ఆ నీళ్లలో సొరచేపలు. నిజానికి ఆ నీళ్లు కెనడాలోని టొరంటో యూనియన్ స్టేషన్‌వి. జూన్ 1న స్టేషన్ మునిగినప్పుడు తీసిన ఫొటోలో ఎవరో సొరచేపలను అతికించారు. కువైట్‌లో ఏ ట్యాంకూ పగల్లేదు.

ఫొటోలో కొంత నిజమే, దాని కింద రాసిన మాటే అబద్ధం. అందుకే "ఇది నిజమేనా?" అని తలపట్టుకునే కంటే "ఇది మొదట ఎక్కడ, ఎప్పుడు కనిపించింది?" అని అడగడం మేలు. నిన్ననే ఖాళీ అయిందన్న ఫ్లాట్ ఫొటో మూడేళ్ల కిందటే వేరే ఊరి హోటల్ వెబ్‌సైట్‌లో ఉంటే ఇక వాదనే లేదు.

కంప్యూటర్ ఎలా పోలుస్తుంది?

ఒక పాత పద్ధతి చూద్దాం. ఫొటోలో రంగులు తీసేసి, అడ్డంగా 8, నిలువుగా 8 గళ్లకు కుదిస్తారు. మొత్తం 64 గళ్లు. వాటి సగటు వెలుగు లెక్కగట్టి, అంతకంటే వెలుగున్న గడికి 1, తక్కువున్న గడికి 0 వేస్తారు. ఈ వరసే ఫొటోకి వేలిముద్ర. సైజు తగ్గించినా, పది గ్రూపులు తిరిగి మసకబారినా వరస పెద్దగా మారదు. అంచులు బాగా కత్తిరించినా, కుడిఎడమలు తిప్పేసినా మాత్రం మారిపోతుంది. గూగుల్ లెన్స్ లాంటివి ఫొటోలోని ఆకారాలను కూడా పోలుస్తాయి కాబట్టి ముక్కను సైతం పట్టుకోగలవు.

మనం ఎలా వెతకాలి?

ముందు ఫొటో మీద రాతలుంటే కత్తిరించండి. లెన్స్‌లో వెతకండి, తర్వాత టిన్‌ఐ అనే ఫొటోలు వెతికే సైట్‌లో. 2008 నుంచీ ఉన్న ఈ టిన్‌ఐలో ఫలితాలను పాతవి ముందు వచ్చేలా పేర్చుకోవచ్చు. అది చూపే తేదీ ఆ ఫొటో టిన్‌ఐ కంటపడిన రోజు మాత్రమే, తీసిన రోజు కాదు. కాబట్టి ఆ పేజీ తెరిచి అసలు తేదీ చూడండి. ఏమీ దొరక్కపోతే ఫొటోను కుడిఎడమలు తిప్పి మళ్లీ వెతకండి. ఫోన్ ఫొటోలో దాచుకునే తేదీ, చోటు వివరాలను వాట్సాప్ మామూలుగా తీసేస్తుంది, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

తర్వాత గోడ చూడండి. బహ్రెయిన్ సాకెట్లకు మూడు పలక రంధ్రాలుంటాయి. ఫొటోలో మన ఊళ్లో లాంటి గుండ్రటి రంధ్రాలుంటే అనుమానించాల్సిందే. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తే, బళ్లు కుడివైపున వెళ్తున్నాయా చూడండి. ముహర్రఖ్ పక్కన సముద్రాన్ని పూడ్చి కట్టిన దీవులే అమ్వాజ్. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు వెనక్కి తిప్పితే అక్కడ నీళ్లే కనిపిస్తాయి. "1990 నాటి అమ్వాజ్ వీధి" అని ఎవరైనా పంపితే, వెతక్కుండానే కాదని చెప్పొచ్చు.

ఏమీ దొరక్కపోతే?

దొరకనంత మాత్రాన నిజమని కాదు. 2025లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టింది నిజం. జింకలు, నెమళ్లు పారిపోతున్నట్టు తిరిగిన బొమ్మల్లో కొన్ని మాత్రం ఏఐతో చేసినవి. వాటికి అసలు ఫొటో అంటూ ఉండదు. మహా అయితే మొదట పెట్టిన ఖాతా దొరుకుతుంది.

ఇంటి విషయంలో అలాంటప్పుడు ఓనరును వీడియో కాల్ చేసి, గోడ సాకెట్ నుంచి బాల్కనీ దాకా ఆపకుండా చూపించమనండి. కుదరదంటే ఒక్క దీనారు కూడా పంపకండి. మోసమని తేలితే గ్రూపులో ఊరికే "ఫేక్" అని రాసి వదిలేయకండి. ఆ ఫొటో ముందే ఉన్న పేజీ లింకు, తేదీ పెట్టండి. అడ్వాన్సు పంపబోతున్న ఇంకొకరిని ఆపేది అదే.