వార్తల్లో పదం: ఉపాంత వినియోగ ప్రవృత్తి

పన్ను తగ్గించినా, ఖాతాల్లో నగదు వేసినా విశ్లేషణల్లో ఈ పదం ఎదురవుతుంది. అదనంగా చేతికొచ్చిన రూపాయిలో ఎంత ఖర్చవుతుందో చెప్పే నిష్పత్తి ఇది. ఆర్థికవేత్త కీన్స్ 1936లో దీన్ని సిద్ధాంతీకరించారు. వెయ్యి రూపాయలు ఎక్కువొస్తే 800 వాడేసి 200 దాచుకున్నవారికి అది 0.8.

కూలీకి ఆ వెయ్యి అందితే చాలావరకు కిరాణా కొట్టుకో, మందుల షాపుకో చేరుతుంది. సంపన్నుడికి అందితే మ్యూచువల్ ఫండ్‌లోకి వెళ్లొచ్చు. అందుకే దేశం మొత్తం ఆదాయం అంతే ఉన్నా, అది ఎవరి చేతుల్లో ఉందన్నదాన్ని బట్టి గిరాకీ మారుతుంది. ఎంత మారుతుందన్నది తెగని వాదన. పొదుపూ పెట్టుబడిగా మారొచ్చు కదా! కొత్త విధానంలో రూ.12 లక్షల దాకా ఆదాయపు పన్ను లేకుండా చేసిన 2025 బడ్జెట్‌పైనా ఇదే ప్రశ్న: మిగిలిన సొమ్ము దుకాణాలకు వెళ్తుందా, ఈఎంఐలకా?