ఓరుగల్లు కోటలో ఒక దినము

ఓరుగల్లు కాకతీయుల రాజధాని. గణపతిదేవుడు హనుమకొండనుండి రాజధానిని ఇచ్చటికి మార్చి కోటను కట్టింపసాగెను. ఆతని కుమార్తె రుద్రమదేవి ఆ పనిని కొనసాగించి పూర్తి గావించెను. ఆ కోటయే నేటి ఖిలా వరంగల్.

ఏటేట ఏప్రిల్ 18వ తేదీ ప్రపంచ వారసత్వ దినము. యునెస్కో 1983లో దీనిని ఆమోదించెను. ఆనాడు పురావస్తు శాఖవారు తమ రక్షణలోని కట్టడములను రుసుము లేకుండ ప్రజలకు చూపు వాడుక కలదు. అట్టి యొకనాడు ఒక బాలిక తండ్రి వెంట ఈ కోటను చూడబోయెను.

మొదట వారు మట్టికోటను దాటిరి. కొంతదూరము పోగా రాతికోట కనబడెను. దానికి 45 బురుజులు కలవు. పెద్దపెద్ద నల్లరాతి దిమ్మెలను సున్నములేకుండ ఒకదానిపై నొకటి పేర్చి ఆ గోడను నిలిపిరి. కోటవాకిలి తిన్నగా లేదు. మలుపు తిరిగి లోనికి పోవును. శత్రువుల ఏనుగులు వడిగా వచ్చి తలుపును ఢీకొనకుండుటకే ఈ యేర్పాటు. గోడ లోపల నేటికిని జనులు ఇండ్లు కట్టుకొని కాపురముండుట చూచి బాలిక ఆశ్చర్యపడెను.

కోట నడుమ నాలుగు దిక్కుల నాలుగు శిలాతోరణములు నిలిచియున్నవి. జంటస్తంభములు, వాటిపై ఏటవాలు ఊతలు, ఆ పైన బరువైన అడ్డదూలము, అంతయు రాయియే. వానిపై హంసలు, తామరమొగ్గలు చెక్కబడినవి. నడిమి చోట విరిగిన స్తంభములు, శిల్పములు చెల్లాచెదరై పడియున్నవి.

"నాయనా! నాలుగు వాకిళ్లున్నవి. ఇల్లేది?" అని బాలిక అడిగెను.

"ఇచ్చట స్వయంభూశివుని గుడి యుండెడిది, బిడ్డా! 1323లో ఢిల్లీసేన కోటను గెలిచిన తరువాత అది శిథిలమైపోయినది. వాకిళ్లు మాత్రము మిగిలినవి" అని తండ్రి చెప్పెను.

చేరువనే ఖుష్ మహల్ కలదు. అది కాకతీయుల తరువాతి కాలపు సభామందిరము. తోరణములో దూలపు బరువు స్తంభములపై తిన్నగా దిగును. మహల్‌లోని కమానులు గోడలను వెలుపలికి నెట్టును. అందుచేతనే ఆ గోడలు మందముగా, వాలుగా కట్టబడినవి. రెండు కాలముల పనితనము ఇట్లు ఒక్కచోట కనబడును.

తిరిగి వచ్చునపుడు బాలిక పిడికిట ఒక చిన్న చెక్కడపు ముక్క యుండెను. జ్ఞాపకముగా దాచుకొనవలెనని ఆమె కోరిక. తండ్రి కోపింపలేదు.

"ఈ ముక్క పడియున్న చోటును బట్టియే అది గుడిలో ఏ భాగమునకు చెందినదో పండితులు ఊహింపగలరు. చోటు తప్పిన రాయి మూగది. వచ్చినవారందరు తలకొక ముక్క కొనిపోయినచో మిగులునది ఏమి?" అని అతడు పలికెను.

బాలిక వెనుకకు పోయి ఆ ముక్కను తీసినచోటనే ఉంచెను.

ప్రాచీన కట్టడములను పాడుచేయుట 1958నాటి చట్టము ప్రకారము నేరము. వారసత్వమును కాపాడుట పౌరుల ప్రాథమిక విధియని మన రాజ్యాంగము చెప్పుచున్నది. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రము ఈ తోరణమును తన అధికార చిహ్నమున నిలుపుకొన్నది. చిహ్నములోని తోరణమును ప్రభుత్వము కాపాడును. నేలమీది తోరణమును కాపాడుటకు ప్రభుత్వముతోపాటు, చూడవచ్చిన ప్రతివాడును పూనుకొనవలెను.