ఇంటి నెట్‌వర్క్‌లో కంప్యూటర్లు ఒకదానికొకటి అందనప్పుడు: లోపాన్ని గుర్తించే క్రమం

ఒకే ఇంట్లో ఒక డెస్క్‌టాప్, ఒక లాప్‌టాప్ ఉన్నాయనుకుందాం. రెండింటిలోనూ ఇంటర్నెట్ బాగానే వస్తుంది. కానీ డెస్క్‌టాప్‌లో ఉన్న ఫైలును లాప్‌టాప్ నుంచి తెరవబోతే తెరుచుకోదు. ఇటువంటప్పుడు చాలామంది మొదట ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేస్తారు. ఒక్కోసారి ఫైలు తెరుచుకుంటుంది కూడా. కానీ లోపం ఎక్కడుందో తెలియదు. పైగా కంప్యూటర్‌కు ఉన్న రక్షణ పోతుంది. కింది అంచె నుంచి పైకి, ఒక్కొక్క అంచెనూ పరీక్షిస్తూ వెళ్లడం సరైన పద్ధతి. విండోస్ కంప్యూటర్లను ఉదాహరణగా తీసుకుని ఆ క్రమాన్ని పరిశీలిద్దాం.

ముందుగా ఒక విషయం గమనించండి. ఇంటర్నెట్ వస్తోందంటే ప్రతి కంప్యూటరూ రూటర్‌ను చేరుతోందని మాత్రమే అర్థం. రెండు కంప్యూటర్లు పరస్పరం చేరగలవని దానివల్ల రుజువు కాదు.

1. చిరునామా

రెండు కంప్యూటర్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఐపీకాన్ఫిగ్' ఆదేశం ఇవ్వండి. ఐపీ చిరునామా, సబ్‌నెట్ మాస్క్ కనిపిస్తాయి. ఇళ్లలో మాస్క్ సాధారణంగా 255.255.255.0 ఉంటుంది. అంటే చిరునామాలోని మొదటి మూడు సంఖ్యలు నెట్‌వర్క్‌ను, చివరి సంఖ్య అందులోని కంప్యూటర్‌ను సూచిస్తాయి. 192.168.1.5, 192.168.1.8 ఒకే నెట్‌వర్క్‌కు చెందినవి. 192.168.1.5, 192.168.0.8 వేర్వేరు నెట్‌వర్క్‌లవి. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన రూటర్‌కు మరో రూటర్‌ను తగిలించిన ఇళ్లలో ఈ స్థితి ఏర్పడవచ్చు. రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మారిస్తే అన్నింటికీ మొదటి రూటరే చిరునామాలు ఇస్తుంది. చిరునామా 169.254తో మొదలైతే ఆ కంప్యూటర్‌కు రూటర్ నుంచి చిరునామా అందలేదని అర్థం. అప్పుడు కేబుల్‌ను లేదా వైఫైని సరిచూడాలి.

2. దారి

లాప్‌టాప్ నుంచి 'పింగ్' ఆదేశం తర్వాత డెస్క్‌టాప్ చిరునామా ఇవ్వండి. 1983లో మైక్ మూస్ రాసిన ఈ చిన్న ప్రోగ్రామ్ నేటికీ మొదటి పరీక్షే. జవాబు వస్తే దారి బాగుంది. రాకపోయినంత మాత్రాన దారి లేదని తేల్చకూడదు. ఫైర్‌వాల్ పింగ్‌ను అడ్డగించి ఉండవచ్చు. వెంటనే 'ఏఆర్‌పీ -ఏ' ఆదేశం ఇవ్వండి. ఆ పట్టికలో డెస్క్‌టాప్ ఐపీ చిరునామా పక్కన దాని భౌతిక చిరునామా ఉంటే దారి ఉందన్నమాట. విండోస్ ఫైర్‌వాల్ ఏఆర్‌పీని అడ్డుకోదు కాబట్టి ఈ పరీక్ష ఉపయోగపడుతుంది. భౌతిక చిరునామా లేకపోతే లోపం కింది అంచెలోనే ఉంది. డెస్క్‌టాప్ ఆన్‌లో ఉందా, ఏదైనా కంప్యూటర్ గెస్ట్ వైఫైలో చేరి ఉందా అని చూడండి. గెస్ట్ వైఫైలో ఉన్న పరికరాలను మిగిలిన వాటితో కలవకుండా రూటర్లు సాధారణంగా విడిగా ఉంచుతాయి.

3. అనుమతి

దారి ఉండీ ఫైలు తెరుచుకోకపోతే డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ చూడండి. అది 'పబ్లిక్' అని ఉంటే 'ప్రైవేట్'గా మార్చి, ఫైల్ షేరింగ్‌ను ఆన్ చేయండి. ఫైర్‌వాల్‌ను ఆపవలసిన పని లేదు. అయితే హాస్టల్, రైల్వే స్టేషన్ వంటి చోట్ల వైఫైకి 'పబ్లిక్' ప్రొఫైలే ఉండాలి.

4. పేరు, ఖాతా

కంప్యూటర్ పేరుతో తెరుచుకోనిది, రెండు బ్యాక్‌స్లాష్‌ల తర్వాత ఐపీ చిరునామా ఇస్తే తెరుచుకోవచ్చు. అప్పుడు లోపం పేరును గుర్తించడంలోనే ఉంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగితే నెట్‌వర్క్ బాగుందని అర్థం. ఇక చూడవలసింది ఖాతానే. పాస్‌వర్డ్ లేని ఖాతాతో నెట్‌వర్క్ ద్వారా ప్రవేశాన్ని విండోస్ మామూలుగా అనుమతించదు.

ఒకసారికి ఒక మార్పే చేసి, మళ్లీ పరీక్షించండి. అప్పుడే ఏ మార్పు లోపాన్ని సరిచేసిందో తెలుస్తుంది.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. రెండు కంప్యూటర్ల చిరునామాలు 192.168.1.12, 192.168.0.12. మాస్క్ 255.255.255.0. ఇవి ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా?

2. పింగ్‌కు జవాబు రాలేదు. కానీ ఏఆర్‌పీ పట్టికలో ఎదుటి కంప్యూటర్ భౌతిక చిరునామా ఉంది. తర్వాత ఏ అంచెను పరీక్షిస్తారు? ఎందుకు?