ఆయుధం లేని ఆటలకు అంత ఆకర్షణ ఎందుకు?

చేతిలో ఆయుధం ఉండదు. శత్రువును ఎదిరించే బలం ఉండదు. ఆటగాడు చేయగలిగినదల్లా పరుగెత్తడం, దూకడం, దాక్కోవడం, అందిన వస్తువును లాగడం. అయినా ‘స్టెల్త్ పజిల్’ వర్గానికి చెందిన ఈ వీడియో గేమ్‌లకు ప్రపంచవ్యాప్తంగా ప్రత్యేక ఆదరణ ఉంది. కోపెన్‌హాగన్‌కు చెందిన ప్లేడెడ్ సంస్థ రూపొందించిన ‘లింబో’ (2010), ‘ఇన్‌సైడ్’ (2016), స్వీడన్‌లోని టార్సియర్ స్టూడియోస్ తీర్చిదిద్దిన ‘లిటిల్ నైట్‌మేర్స్’ (2017) ఈ కోవకు చెందినవే. మూడింటిలోనూ ప్రధాన పాత్ర ఒంటరిగా సాగే చిన్నారిదే, సంభాషణలు ఉండవు.

కంటపడకుండా సాగడమే ప్రధానమైన ఆటల తొలి ఉదాహరణల్లో 1987 నాటి ‘మెటల్ గేర్’ ముఖ్యమైనది. అప్పటి ఎంఎస్ఎక్స్2 కంప్యూటర్ తెరపై ఎక్కువమంది శత్రువులను ఒకేసారి చూపడం కష్టమయ్యేది. దాంతో రూపకర్త హిడియో కొజిమా పోరాటానికి బదులు తప్పించుకోవడాన్నే ఆటగా మలిచారు. యంత్రం పరిమితి అలా కొత్త ఆటరీతికి దారితీసింది.

పోరాట ప్రధానమైన ఆటలో పరిసరాలు తరచూ నేపథ్యంగానే మిగిలిపోతాయి. దాక్కోవలసిన ఆటలో అవే ప్రాణాధారం. టార్చిలైటు ఎటు తిరుగుతోంది, కుక్క ఎంత దూరంలో ఉంది, నీడ ఎక్కడ ముగుస్తోంది అన్న ప్రతి వివరాన్నీ గమనించాలి. నలుపు తెలుపుల ‘లింబో’లో వస్తువులు ఛాయారూపాలుగానే కనిపిస్తాయి కనుక చెవి కూడా అప్రమత్తంగా ఉండాలి. ‘ఇన్‌సైడ్’ శబ్దాల కోసం స్వరకర్త మార్టిన్ స్టిగ్ ఆండర్సన్ నిజమైన మనిషి పుర్రె గుండా ధ్వనులను పంపి రికార్డు చేశారు.

ఈ ఆటల్లో వైఫల్యమే పాఠం. ‘లింబో’లో గడ్డిలో దాగిన ఇనుప పళ్ల ఉచ్చు బాలుడిని బలిగొంటుంది. ఆట కొద్ది అడుగుల వెనక నుంచి మళ్లీ మొదలవుతుంది. మరికాసేపటికి దారికి అడ్డంగా పెద్ద సాలీడు ఎదురవుతుంది. అలాంటి ఉచ్చునే దాని కాలి కిందకు లాగడం పరిష్కారం. భయపెట్టిన వస్తువే ఉపాయంగా మారిన ఆ క్షణంలో ఆటగాడికి కలిగే తృప్తి ఈ ఆటల ఆకర్షణకు మూలం.

‘ఇన్‌సైడ్’ ఇంకో మెట్టు ముందుకు వెళ్తుంది. ఒక దృశ్యంలో స్వేచ్ఛాబుద్ధి కోల్పోయి వరుసగా నడుస్తున్న మనుషుల మధ్య బాలుడు కలిసిపోవాలి. వారు నడిస్తే నడవాలి, ఆగితే ఆగాలి, దూకితే దూకాలి. లయ తప్పితే పట్టుబడతాడు. ఇక్కడ దాక్కోవడానికి గోడ లేదు, విధేయతను నటించడమే మరుగు.

ఆ ఆటకు ఒక రహస్య ముగింపు కూడా ఉంది. నేలమాళిగలో బాలుడు విద్యుత్ తీగను ఊడబీకగానే, ఆ వరుసలోని మనుషుల్లాగే తల వాల్చి నిశ్చలంగా ఉండిపోతాడు. అప్పటివరకు అతడిని నడిపించింది ఎవరన్న ప్రశ్న ఆటగాడి వైపే తిరుగుతుంది. ఆట దానికి జవాబు చెప్పదు.

మాటలు లేకపోవడం వల్ల మరో మేలు ఉంది. కథను అందుకోవడానికి అనువాదం అక్కర్లేదు. ఆంగ్లం రాని తెలుగు ఆటగాడు కూడా కోపెన్‌హాగన్‌లోని ఆటగాడితో సమానంగా ఆ చీకట్లో దారి వెతుక్కోగలడు.