అద్దము వెనుకనున్న కార్డు

ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో, కార్మిక సంఘములు గట్టిగా వేళ్లూనిన అమెరికా పట్టణములలో, ప్రధాన వీథినున్న క్షౌరశాల కిటికీ అద్దమునకు లోపలి వైపున, ధరల పట్టిక ప్రక్కనే, అట్టకార్డొకటి వ్రేలాడుచుండెడిది. ఇచ్చట పనిచేయువారు సంఘసభ్యులనియు, సంఘము నిర్ణయించిన పనివేళలకును వేతనమునకును యజమాని ఒడంబడి యున్నాడనియు ఆ కార్డు వచ్చిపోవువారికెల్లరకు చాటుచుండెను. మాంసపు దుకాణములకు వేరొక కార్డు, భోజనశాలలకు వేరొకటి, పానశాలలకు మరియొకటి. గనినుండియో కొలిమినుండియో మసి మొగముతో బయటబడిన కార్మికుడు, గడ్డము గీయించుకొనుటకై గడప దాటుటకు ముందు ఆ అద్దము వంక ఒకసారి చూచెడివాడు. కార్డు కానరాకున్నచో ఎంత అలసియున్నను రెండు వీథులు దాటి మరియొక దుకాణమునకు నడిచెడివాడు. ఆ నడక వెనుకనున్న ఆలోచనయే నేనిచ్చట చెప్పదలచిన విషయము.

కార్డు దుకాణదారుని సొత్తు కాదు. అది సంఘపు సొత్తు; ఒడంబడిక నిలిచియున్నంత కాలము మాత్రమే అతనికి ఎరువుగా ఇచ్చినది. పనివారికి ఈయవలసిన కూలిలో కోత పెట్టినను, మూయవలసిన వేళ దాటి తలుపులు తెరచియుంచినను, సంఘ ప్రతినిధి వచ్చి ఆ అట్టను తీసికొనిపోవును. అద్దముపై కార్డున్న చోటు ఖాళీయైన నాడు, జరిగిన సంగతి వీథిలో ఎవరికిని వేరుగా చెప్పవలసిన పని లేకుండెను. 1887లో ఏర్పడిన క్షురక కార్మికుల అంతర్జాతీయ సంఘమునకు ఇట్టి కార్డే ముఖ్యాయుధమయ్యెను. ఏలయన, నలుగురైదుగురు మాత్రమే పనిచేయు చిన్న దుకాణములో సమ్మె చేసి నెగ్గుట కష్టము గాని, వచ్చువారిని మరలించుట అంత కష్టము కాదు.

మరి స్వతంత్రుడైన వర్తకుడు ఈ కట్టుబాటునకు ఏల తలయొగ్గెను? కారణము అతని గల్లాపెట్టెలోనే యున్నది. ఒకే పరిశ్రమను ఆశ్రయించి బ్రదుకు పట్టణములో వర్తకుని చేతికి వచ్చు ప్రతి డాలరును మొదట కార్మికుని జీతపు కవరులో నుండి వచ్చినదే. జీతము పెరిగిన యేడు పిల్లలకు క్రొత్త జోళ్లు అమ్ముడుపోవును. జీతము తెగిన యేడు ఖాతా పుస్తకములో అప్పుల పద్దు మాత్రమే పెరుగును. కిరాణా కొట్టువానికి ఇది అర్థశాస్త్ర గ్రంథములు చదివి నేర్వవలసిన విద్య గాదు. అందువలననే కార్మికుల పత్రికలలో బట్టల కొట్టువారును, బొగ్గు వర్తకులును, చెప్పుల దుకాణదారులును ప్రకటనలు వేయించుచు, తమ సరకు సంఘకార్మికుల చేతిపనియేయని నొక్కి చెప్పుచుండిరి. సెప్టెంబరు మొదటి సోమవారమున జరుగు కార్మిక దినోత్సవము 1894లో జాతీయ సెలవుదినమైనది మొదలు, ఆ నాటి ఊరేగింపులకు ముద్రించు కార్యక్రమ పత్రములు స్థానిక వర్తకుల శుభాకాంక్షలతో నిండెడివి. వారి అభిమానములో లాభాపేక్ష లేదని ఎవరును అనలేదు. లాభాపేక్ష ఉన్నంత మాత్రమున దానిని తృణీకరింప నవసరము లేదనియే నా తలంపు. ఇరువురి అక్కర ఒకచోట కలసినప్పుడు పుట్టు స్నేహము, ఉపన్యాసముల వలన పుట్టు స్నేహము కంటె ఎక్కువ కాలము నిలుచుట మనమెరుగనిది కాదు.

దుకాణమునకు కార్డెట్టిదో సరకునకు చీటీ యట్టిది. సంఘపు చీటీల చరిత్రలో అన్నిటికంటె పేరుమోసినది చుట్టల పెట్టెపై అంటించిన నీలి చీటీ. మనవారికి లంక పొగాకు చుట్ట ఎట్టిదో, ఆ కాలపు అమెరికా కార్మికునకు సిగారు అట్టిది. న్యూయార్కు, షికాగో నగరములలో వేలకొలది జనులు బల్లల ముందు వరుసగా కూర్చుండి ఆకు పరచి, లోపలి పొగాకు పేర్చి, చేతితోనే చుట్టెడివారు. చేతులు పనిలోనుండగా చెవులు ఖాళీగా ఉండుటచే, తమలో నొకనిని పత్రికలు, గ్రంథములు బిగ్గరగా చదువుటకు నియమించి, అతడు చదివిన కాలమునకు తాము చుట్టిన చుట్టలే కొన్ని అతని వంతుగా పంచియిచ్చెడివారు. అట్టి బల్లల ముందు పెరిగినవాడే, 1886లో ఏర్పడిన అమెరికన్ కార్మిక సమాఖ్యకు తొలి అధ్యక్షుడైన సామ్యూల్ గాంపర్సు. తాము కాపురముండు మురికి గదులలోనే తల్లులును పసిబిడ్డలును రేయింబవళ్లు చుట్టలు చుట్టు దురవస్థ ఆనాడు న్యూయార్కులో ప్రబలియుండెను. అట్టి సరకు నుండి తమ సరకును వేరుపరచి చూపుటకై చుట్ట కార్మికుల అంతర్జాతీయ సంఘము 1880లో షికాగోలో జరిగిన సమావేశమున నీలి చీటీని స్వీకరించెను. పెట్టె మూతపై అడ్డముగా అంటించిన ఆ చీటీని చింపిన గాని పెట్టె తెరువ వీలు లేకుండెను.

అయితే ఆ చీటీకి పూర్వకథ యొకటి కలదు. దానిని దాచి ఈ వ్యాసము వ్రాయుట న్యాయము కాదు. నీలి చీటీకి ముందు, 1870ల నడుమ, శాన్‌ఫ్రాన్సిస్కోలో తెల్ల చీటీ పుట్టెను. ఆ నగరములో చుట్టలు చుట్టువారిలో పెక్కురు చీనావారు. ఈ చుట్టలు తెల్లవారి చేతులతో చేయబడినవి, చీనావారు తాకినవి కావు అని కొనువారికి తెలుపుటయే ఆ తెల్ల చీటీ ప్రయోజనము. మంచి కూలి కొరకు పోరాడు సంఘము, తమ కంటె తక్కువ కూలికి పనిచేయవలసి వచ్చిన పేదలను తమలో చేర్చుకొని వారి కూలిని పెంచుటకు మారుగా, వారిని వీథిలోనికి నెట్టుటకు వర్తకుల సహాయము కోరెను. వర్తకులును సంతోషముగా సహాయపడిరి. 1882లో చీనా కార్మికుల రాకను నిషేధించుచు అమెరికా ప్రభుత్వము చట్టము చేసిన నాటికి ఇట్టి ప్రచారము ఆ తీరమున బాగుగా ప్రబలియుండెను. నీలి చీటీపై సయితము, సంఘము ఎట్టి పనికి విరోధియో చెప్పు వాక్యములో, ఖైదీల పనితోడను, మురికి గదుల పనితోడను కలిపి, 'కూలీ' పని అను మాటయు అచ్చుపడెను.

ఈ మాటవద్ద తెలుగు పాఠకుడు క్షణకాలము ఆగక తప్పదు. 'కూలి' మన మాట. చేసిన పనికి న్యాయముగా చేతికి రావలసిన ప్రతిఫలమునకు మనము పెట్టుకొన్న పేరది. దక్షిణ దేశ భాషల నుండి ఆ మాట నావలెక్కి దేశాంతరములకు పోయినదని పలువురు భాషావేత్తల అభిప్రాయము. అట్లు పోయిన మాటయే తిరిగి తిరిగి, హక్కులేని చవుక పనివానికి తిట్టుపేరై, కార్మిక సంఘపు ధ్రువపత్రము మీదనే నిలిచెను. కోరంగి రేవునుండి వెళ్లి బర్మాలో బరువులు మోసిన మనవారిని ఆ రేవు పేరుతోనే కోరంగీలని పిలిచి చులకన చేసిన సంగతి ఎరిగినవారికి, ఆ నీలి చీటీ చదువునప్పుడు మనస్సు చివుక్కుమనును. సంఘపు ముద్ర విలువ, ఎవరి చేతులను ఆ ముద్ర కార్మికుల చేతులుగా లెక్కించుచున్నదో దానిని బట్టియే ఉండును.

కొనుట యను పని నాడు అధికముగా స్త్రీలది. భర్త సంఘములో నిప్పులు చెరగు తీర్మానమునకు చేయెత్తి వచ్చినను, మరునాడు ఉదయము భార్య కార్డులేని అంగడిలో కొన్ని సెంట్లు చవుకగా దొరకునని మాంసము కొన్నచో ఆ తీర్మానము అచ్చటనే సమసిపోవును. ఈ సత్యమును గ్రహించిన కార్మిక కుటుంబ స్త్రీలు 1899లో సంఘచీటీల ప్రచారమునకై అంతర్జాతీయ సమితిని స్థాపించిరి. వారి పని సులభమైనది కాదు. చీటీయున్న సరకు ఒకింత ప్రియముగా ఉండును. కార్డున్న అంగడి ఒకింత దూరముగా ఉండును. ఇంటికి తెచ్చిన జీతమో, ఎప్పటివలె చాలదు. అంగళ్లలో పనిచేయు గుమాస్తాల సంఘము అడిగిన కోరిక మరింత సూక్ష్మమైనది. సాయంకాలము ఆరు గంటలకు అంగళ్లు మూయవలెనని వారు పోరాడుచుండిరి. కాని ఆరు గంటల తరువాత వచ్చి అంగడి తలుపు తట్టువారు ఎవరు? పని దిగి వచ్చిన సంఘకార్మికులును వారి కుటుంబములునే! తమకు ఎనిమిది గంటల పనిదినము కావలెనని కోరువారు, గుమాస్తాను పండ్రెండవ గంటవరకు నిలువబెట్టుట తగదని గ్రహించి తమ కొనుగోలు వేళనే మార్చుకొనవలసి వచ్చెను. ఈ ఉద్యమమంతటిలో నాకు మిక్కిలి గౌరవము కలిగించు ఘట్టమిది. యజమానిని నిలదీయుట ఒక యెత్తు. తన సౌకర్యము కొరకు మరియొక పనివాడు ఎంతసేపు నిలుచుచున్నాడో చూచుకొనుట మరియొక యెత్తు.

కొనుటకు స్వేచ్ఛయే లేని చోటులును కలవు. పశ్చిమ వర్జీనియా బొగ్గు గనులలో ఇల్లు కంపెనీది, కొట్టు కంపెనీది, జీతములో చాలభాగము డబ్బుగా గాక కంపెనీ కొట్టులోనే చెల్లు బిళ్లలుగా, చీటీలుగా ఈయబడెడిది. అట్టి సీమలో కంపెనీ నేలకు వెలుపల అంగడి పెట్టుకొన్న స్వతంత్ర వర్తకునకు, గని కార్మికుని స్వాతంత్ర్యము తన స్వాతంత్ర్యముతో ముడివడినదే. మేట్‌వాన్ అను చిన్న ఊరి మేయరు కేబెల్ టెస్టర్‌మన్ నగల దుకాణము నడుపు వర్తకుడు. 1920 మే 19వ తేదీన, సంఘములో చేరిన గని కార్మికుల కుటుంబములను కంపెనీ ఇండ్లనుండి సామానుతో సహా వీథిలోనికి వెడలగొట్టి వచ్చిన ప్రైవేటు డిటెక్టివులను, ఆ ఊరి పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డు, ఈ మేయరు కలసి ఎదుర్కొనిరి. డిటెక్టివులు చూపిన అరెస్టు వారంటు బూటకమని మేయరు అనెను. అంతలో తుపాకులు ప్రేలెను. ఏడుగురు డిటెక్టివులు, ఇద్దరు గని కార్మికులు, వారితో ఆ నగల వర్తకుడును అసువులు బాసిరి.

'ఇచ్చట కొనుడు' అను పిలుపునకు మరియొక ముఖము 'అచ్చట కొనవలదు' అనుట. ఈ రెండవ మాటను అమెరికా న్యాయస్థానములు సహింపలేదు. కనెక్టికట్‌లోని డాన్‌బరీలో లోవీ అను టోపీల తయారీదారు సంఘమును గుర్తింప నిరాకరింపగా, 1902లో టోపీ కార్మికులు అతని సరకును దేశమంతటను బహిష్కరించిరి. వ్యాపారగుత్తలను అణచుటకై 1890లో చేసిన షెర్మన్ చట్టమును 1908లో సుప్రీంకోర్టు కార్మికుల మీదనే ప్రయోగించెను. టోపీలు కుట్టి కూడబెట్టిన సొమ్ముతో కట్టుకొన్న చిన్న చిన్న ఇండ్లును, బ్యాంకులో దాచుకొన్న నిలువలును జప్తులోనికి వచ్చెను. ఆ జప్తు సంవత్సరముల తరబడి వారి తలలపై వ్రేలాడి, తుదకు 1917లో దేశమునందలి కార్మికుల విరాళములతో సుమారు 2,34,000 డాలర్లు చెల్లించిన పిమ్మట గాని తొలగలేదు. సెంట్ లూయీలోని పొయ్యిల కంపెనీ యొకదానిని సమాఖ్య తన పత్రికలో బహిష్కృతుల పట్టికలో చేర్చినందులకు, కోర్టు ఆజ్ఞను ధిక్కరించెనని గాంపర్సుకే 1908లో పండ్రెండు నెలల కారాగారశిక్ష విధింపబడి, 1911లో పైకోర్టులో కొట్టివేయబడెను. కొనవలదని చెప్పుట ఇంత ప్రమాదకరమైనను, కొనుడని చెప్పుటను ఏ న్యాయమూర్తియు ఆపజాలడు గదా. సమాఖ్య 1909లో చీటీల ప్రచారమునకే ఒక ప్రత్యేక శాఖను నెలకొల్పెను. 1947లో టాఫ్ట్–హార్ట్‌లీ చట్టము తగవుతో నేరుగా సంబంధము లేని వ్యాపారులపై ఒత్తిడి తెచ్చు బహిష్కారములను నిషేధించిన పిదపను చీటీయు కార్డును నిలిచియే యుండెను.

స్థానిక వ్యాపారమునకును సంఘమునకును గల బంధము ఎంత దగ్గరదో 1919 ఫిబ్రవరిలో సియాటిల్ నగరము చూచినంత స్పష్టముగా మరియొక నగరము చూడలేదేమో. ఓడల కర్మాగారపు కార్మికులకు తోడుగా సుమారు 65,000 మంది 6వ తేదీ ఉదయము పది గంటలకు పని మానిరి. ట్రాములు ఆగెను, భోజనశాలలు మూతపడెను. మరి పసిబిడ్డల పాలు? పాలబండ్లు తోలు కార్మికులు నగరము చుట్టుప్రక్కలనున్న చిన్న పాడిరైతులను కలసికొని పాలు తెప్పించి, పేటపేటకు ఒకటి చొప్పున 35 పాలకేంద్రములను తామే తెరచిరి. వంటవారి సంఘములు వండిన భోజనములు దినమునకు ముప్పదివేల వరకు సమకూడెను. సమ్మె కార్మికునకు 25 సెంట్లు, ఇతరులకు 35. ఆసుపత్రి బట్టలు ఉతుకు లాండ్రీ బండికి సమ్మె సంఘపు అనుమతి దొరకెను. ఆ అనుమతి చీటీ బండిపై అంటించుకొని తిరుగు బండివానికి, నాలుగు దినముల ముందు క్షౌరశాల అద్దములో వ్రేలాడిన కార్డునకును ఈ చీటీకిని తేడా కనబడియుండదు. సమ్మె 11వ తేదీతో ముగిసెను, కోరినది సిద్ధింపకయే. పాలు మాత్రము ఆ దినములందు బిడ్డలకు అందెను.

నేడు ఆ క్షౌరశాలల కార్డులు అరుదైపోయినవి. గడ్డము ఇంటనే గీచుకొను బ్లేడును, బట్టలను సముద్రముల ఆవలనుండి తెచ్చు ఓడలును, ఊరి వర్తకుని స్థానమున దేశమంతట ఒకే పేరుతో వెలసిన పెద్ద అంగళ్లును వానిని మింగినవి. అచ్చుపని కార్మికుల ముద్ర మాత్రము ఇంకను నిలిచియున్నది. కాగితపు అడుగంచున, కంటికి ఆనీ ఆనని చిన్న గుర్తు; ఆకారమును బట్టి అచ్చటివారు దానికి పురుగని ముద్దుపేరు పెట్టిరి. సంఘముల ఓట్లు కోరు అభ్యర్థి కరపత్రములు ఏ ముద్రణాలయములో అచ్చయినవో ఆ పురుగు చెప్పును. అందుచే ఊరిలో చిన్న అచ్చుయంత్రము నడుపుకొను యజమానులకు, సంఘముతో ఒడంబడిక చేసికొని ఆ ముద్ర సంపాదించుట ఎన్నికల యేట నిండైన పని దొరకుటయే. కరపత్రము చేతికందగానే, అభ్యర్థి వాగ్దానములు చదువుటకు ముందు కాగితమును త్రిప్పి, అడుగంచును వ్రేలితో తడవి ఆ గుర్తును వెదకు ముసలి కార్మికులు అచ్చట ఇప్పటికిని కలరు.